పికప్‌లో మాగ్నెట్ మారిస్తే పాత టోన్ ఎంతవరకు వస్తుంది?

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద ఉండి, వాటి ఊపును కరెంటుగా మార్చి యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పంపే భాగం పికప్. అందులో రెండు కాయిళ్లు, అంటే రాగి తీగ చుట్టలు, ఉండే రకాన్ని హంబకర్ అంటారు. దాన్ని విప్పి తిరగేస్తే కాయిళ్ల కింద ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది, అదే మాగ్నెట్. పొడవు రెండున్నర అంగుళాలు, వెడల్పు అరంగుళం, మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇనుప సామాన్ల కొట్లో తూకానికి ఇచ్చే ముక్కలాగే ఉంటుంది, అంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు. దాన్ని లాగేసి ఇంకో రకం ముక్క తోస్తే చేతిలో ఉన్న మామూలు గిటారు 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారులా మోగుతుందని కొందరు, అదంతా చెవి భ్రమ అని ఇంకొందరు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కాకపోతే ఈ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది: ఇప్పుడు అందరూ వెంటపడుతున్న ఆ పాత పికప్‌లను తయారు చేసినవాళ్లే ఏ రోజు ఏ మాగ్నెట్ వేస్తున్నామన్నది లెక్కలోకి తీసుకోలేదు.

కథ మొదలయ్యేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం కలమజూలో ఉన్న గిటార్ల కంపెనీ గిబ్సన్ ఫ్యాక్టరీలో. అప్పటి సింగిల్ కాయిల్ పికప్‌లకు ఒక జబ్బు ఉండేది, తీగ శబ్దంతో పాటు చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, లైట్ల నుంచి వచ్చే గుంయ్ మనే రొదను కూడా పట్టి యాంప్‌కి పంపేవి. సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిళ్లను పక్కపక్కన పెట్టి, ఒకదాని వైండింగ్‌నీ అయస్కాంత ధ్రువాన్నీ రెండోదానికి ఎదురుగా తిప్పారు. రెండు కాయిళ్లలోని రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి వస్తుంది. 1955 జూన్ 22న పేటెంట్‌కి దరఖాస్తు పెడితే 1959 జులై 28న మంజూరైంది. మధ్యలో తయారైన పికప్‌ల అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చిన్న నల్ల స్టికర్ అంటించేవారు, పీఏఎఫ్ అనే పేరు దాని నుంచే వచ్చింది. పేటెంట్ వచ్చాక కూడా కొన్నేళ్లు అదే స్టికర్ వాడి, ఆ తర్వాత నంబరున్న స్టికర్ వేశారు. తమాషా ఏమిటంటే, ఆ నంబరు పికప్‌ది కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేరు మీదున్న టెయిల్‌పీస్ (తీగల కొసలు బిగించే భాగం) పేటెంట్‌ది. పోటీదారులు వెతికి చదివి కాపీ కొట్టకుండా కావాలనే అలా వేశారని ఒక మాట ఉంది, పొరపాటని ఇంకో మాట.

పీఏఎఫ్ లోపల ఉన్నది 42 గేజ్ ఎనామెల్ రాగి తీగ, మందం 0.063 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. కాయిల్‌కి సుమారు 5000 చుట్లు. సుమారు అనడం ఎందుకంటే వైండింగ్ మెషిన్లను మనుషులే చూసుకుని ఆపేవారు, ఒకరోజు కొన్ని చుట్లు ఎక్కువ, ఇంకోరోజు తక్కువ. అందుకే ఇప్పుడు పాత పికప్‌లను మీటరుతో కొలిస్తే ఒకటి 7 కిలో ఓమ్‌ల దగ్గర, ఇంకొకటి 9కి దగ్గరగా చూపిస్తాయి. బాబిన్ (తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రం) నిండేదాకా చుట్టేవాళ్లమని సెత్ లవర్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. వీటిలో వేసేవి ఆల్నికో అనే మిశ్రమ లోహపు మాగ్నెట్లు, 2, 3, 4, 5 అనేవి అందులో రకాలు. మాగ్నెట్ల సంగతి అడిగితే ఆయన జవాబు ఇంకా సూటిగా ఉంది: ఆల్నికో 5 అన్నివేళలా దొరికేది కాదు, మార్కెట్లో ఏది దొరికితే అది కొనేవాళ్లం, అన్నీ మంచి మాగ్నెట్లే. అంటే ఒకే ఏడాది, ఒకే బల్ల మీద తయారైన రెండు పీఏఎఫ్‌లలో ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 5 ఉండొచ్చు, చుట్ల లెక్క కూడా తేడా ఉండొచ్చు. 1960ల మొదట్లో మాగ్నెట్ పొడవు కాస్త తగ్గించి, ఆల్నికో 5కి స్థిరపడ్డాకే ఒక పద్ధతి వచ్చింది.

ఇది తెలిశాక ‘అసలైన వింటేజ్ మాగ్నెట్ ఏది’ అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని అర్థమవుతుంది. గిబ్సన్ కంపెనీనే చూడండి. 57 క్లాసిక్ అనే పికప్‌లో ఆల్నికో 2 వేస్తుంది, బర్స్ట్‌బకర్‌లోనూ 2, బర్స్ట్‌బకర్ ప్రోలో 5, కస్టమ్‌బకర్‌లో 3. అన్నిటినీ అమ్మేది పీఏఎఫ్ పేరు చెప్పుకునే. దీన్ని మోసం అనలేం, ఎందుకంటే పాత వాటిలోనూ అన్ని రకాలూ ఉన్నాయి. ఒక ఊరి పులుసు రుచి ఇదీ అని చెప్పమంటే ఎవరింటి పులుసు అని అడగాలి కదా, ఇదీ అంతే.

సరే, ఆ పట్టీ అసలు చేసే పనేమిటి? చాలామంది అనుకున్నట్టు పికప్ శబ్దాన్ని వినదు, అది మైక్ కాదు. మాగ్నెట్ తనను ఆనుకుని ఉన్న పోల్ పీసులను, అంటే ఒక కాయిల్‌లోని స్క్రూలనూ ఇంకో కాయిల్‌లోని స్టీల్ స్లగ్గులనూ (చిన్న కడ్డీలను), అయస్కాంతాలుగా మారుస్తుంది, అవి పైనున్న స్టీల్ తీగను కొద్దిగా అయస్కాంతం చేస్తాయి. ఆ తీగ ఊగితే కాయిల్ గుండా వెళ్లే అయస్కాంత ప్రవాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాంతో కాయిల్‌లో కరెంటు పుడుతుంది. తీగ అయస్కాంతానికి స్పందించే లోహం కాకపోతే పికప్‌కి అది ఉన్నట్టే తెలియదు. వీణకు గిటారు పికప్ బిగిస్తే సారణి, పంచమం వంటి స్టీల్ తీగలు మోగి, కింది ఇత్తడి తీగలు మూగబోయేది ఇందుకే, వీణకు కాంటాక్ట్ మైక్ అంటించుకునేదీ ఇందుకే. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకోవడానికీ ఇలాంటి లెక్కే ఉంది. మామూలు మాండొలిన్‌లో మీటిన వెంటనే నాదం చచ్చిపోతుంది, గమకం సాగదీయడానికి తీగ మీద ఏమీ మిగలదు. పికప్, యాంప్ ఉంటే మిగిలిన ఆ కాస్త ఊపు కూడా వినిపిస్తుంది.

మాగ్నెట్ రకం మారితే మూడు సంగతులు మారతాయి. మొదటిది బలం: బలమైన మాగ్నెట్ అంటే ఎక్కువ వోల్టేజి, యాంప్‌లో శబ్దం ముందుగానే పగలడం మొదలవుతుంది. రెండోది లాగుడు: మాగ్నెట్ తీగను తనవైపు లాక్కుంటూ ఉంటుంది కాబట్టి మరీ దగ్గరగా, మరీ బలంగా ఉంటే ఊపు తొందరగా చచ్చిపోతుంది, లావు తీగ మీద పైఫ్రెట్లలో శ్రుతి రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారు వాయించేవాళ్లకు ఈ చిరాకు బాగా తెలుసు. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ టోన్ విషయంలో అది ముఖ్యం: ఆల్నికో మాగ్నెట్ కూడా లోహమే కాబట్టి అది కాయిల్ ఇండక్టెన్స్‌ను, అంటే మారే కరెంటుకు కాయిల్ అడ్డుపడే గుణాన్ని, కాస్త మారుస్తుంది. ఆల్నికో గుండా అయస్కాంత ప్రవాహం గాలిలో కంటే సులువుగా పోతుంది, 2 గుండా 5 కంటే ఇంకాస్త సులువుగా పోతుంది. పింగాణీ లాంటి సెరామిక్ మాగ్నెట్‌కి ఆ గుణం దాదాపు లేదు, కాయిల్‌కి సంబంధించినంతవరకు అది గాలితో సమానం. పైగా అందులో కరెంటు పారదు, కాబట్టి ఎడ్డీ కరెంట్ల (లోహంలో సుడులుగా పుట్టే కరెంట్ల) నష్టం కూడా ఉండదు. అందుకే అదే కాయిల్ కింద సెరామిక్ పెడితే పైస్థాయి కాస్త పదునుగా, గరుకుగా, ఆల్నికో 2 పెడితే అంచులు అరగదీసినట్టు వినిపిస్తుంది.

ఆల్నికో అన్న పేరు అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది. 1931లో జపాన్‌లో తొకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి చేసిన మిశ్రమం దీనికి మూలం. పేరులో కోబాల్ట్ ఉన్నా ఆల్నికో 3లో కోబాల్ట్ ఉండదు. 2లో 13 శాతం దాకా, 5లో 24 శాతం దాకా ఉంటుంది. 5ను చల్లార్చేటప్పుడు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచుతారు, దానివల్ల లోపలి నిర్మాణమంతా ఒకే దిక్కుకు తిరిగి, ఆ దిక్కులో అది చాలా బలంగా ఉంటుంది. 2, 3, 4లకు ఈ పని చేయరు. తయారీదారుల పట్టికల్లో చూస్తే 5లో దాచుకున్న శక్తి 2 కంటే మూడు రెట్లకు పైనే. ఈ అంకె చూసి మాగ్నెట్ మారిస్తే శబ్దం మూడో వంతుకు పడిపోతుందని భయపడక్కర్లేదు. పికప్‌లో వాడే ముక్కకు ధ్రువాలు కొసల్లో ఉండవు, పొడుగాటి పక్క అంచుల మీద ఉంటాయి. అంటే ధ్రువానికీ ధ్రువానికీ మధ్య దూరం అరంగుళమే. అంత పొట్టి అయస్కాంతం తన శక్తిని తనే అణచుకుంటుంది, అక్కడ లెక్కకు వచ్చేది అయస్కాంతత్వం పోకుండా నిలబెట్టుకునే గుణం. ఆ గుణంలో 2కీ 5కీ పెద్ద దూరం లేదు, పట్టికలో 560, 640 ఓర్‌స్టెడ్‌లు. అందుకే తీగ దగ్గరికొచ్చేసరికి తేడా వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పితే సర్దుకునేంతే మిగులుతుంది.

ఇక మాటల్లో చెప్పే టోన్ వర్ణనలు. 2 మెత్తగా ఉంటుంది, మధ్యస్థాయి ముందుకొస్తుంది, పిక్ గట్టిగా తగిలినప్పుడు కాస్త వంగినట్టుంటుంది. 3 దానికన్నా నెమ్మది, పైస్థాయి గంటలా ఉంటుంది. 4 ఏ పక్కకూ ఒరగదు. 5లో కింది తీగలు బిగువుగా, పైస్థాయి మెరుస్తూ, మధ్యలో కాస్త గుంట. 8 గట్టిగా అరుస్తుంది, సెరామిక్‌కి దగ్గరి చుట్టం. ఇవి పూర్తిగా అబద్ధాలేం కావు, దిక్కు సరిగ్గానే చూపిస్తాయి. కానీ ఎంత దూరం అన్నది చెప్పవు.

ఆ దూరం లెక్క వేసి చూద్దాం. పీఏఎఫ్ తరహా హంబకర్ ఇండక్టెన్స్ 4.4 హెన్రీలు అనుకుందాం, గిటారు నుంచి యాంప్ దాకా వెళ్లే కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశం దాచుకునే గుణం) 500 పికోఫారడ్‌లు. ఈ రెండూ కలిస్తే శిఖరం, అంటే శబ్దం అన్నిటికన్నా ప్రస్ఫుటంగా ఉండే చోటు, 3400 హెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది. మాగ్నెట్ మార్చడం వల్ల ఇండక్టెన్స్ 5 శాతం పెరిగిందనుకుంటే శిఖరం కిందికి జరిగేది 80 హెర్ట్జ్‌లు. అదే గిటారును పాతకాలం చుట్టల కేబుల్‌తో, 1000 పికోఫారడ్‌లు ఉన్నదాంతో వాయిస్తే శిఖరం నేరుగా 2400కి దిగిపోతుంది. ఒకటి 80, ఇంకొకటి 1000. అరవైల నాటి రికార్డింగుల్లో చాలా గిటార్లు అలాంటి పొడవాటి కేబుళ్ల గుండానే వెళ్లాయి. పికప్ పట్టీ మీద వారాల తరబడి పరిశోధన చేసేవాళ్లు కేబుల్ ఎంత పొడవుందో ఒక్కసారి చూసుకుంటే సగం దారి అక్కడే అయిపోతుంది.

దీనర్థం మాగ్నెట్ మార్చడం దండగ అని కాదు. ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్న తేడా తెలియాలి. తక్కువ ధర గిటార్లలో ఎక్కువగా ఉండేవి సెరామిక్ హంబకర్లు. వాటిలో కొన్నింటి కాయిల్ వైండింగ్ పీఏఎఫ్‌కి దగ్గరగానే ఉంటుంది, మల్టీమీటరు పెడితే 7.5 నుంచి 8.5 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. వీటిలో ఆల్నికో పెడితే తేడా చెవికి హాయిగా తెలుస్తుంది, ఖర్చు కొన్ని వందల రూపాయలే. మీటరు 14, 16 చూపిస్తే మాత్రం అది వేరే జాతి. సన్న తీగతో ఎక్కువ చుట్లు చుట్టిన పికప్, 1970ల్లో డిమార్జియో సూపర్ డిస్టార్షన్‌తో మొదలైన బాణీ. అక్కడ సెరామిక్ ఇచ్చే పదును కావాలనే పెట్టారు, అది తీసి ఆల్నికో 2 పెడితే వింటేజ్ రాదు, దుప్పటి కప్పినట్టు ముద్దగా అవుతుంది. ఇంకో సంగతి, చౌక పికప్‌ల కవరు, అడుగు రేకు ఇత్తడివి అయితే ఆ ఇత్తడే పైస్థాయిని మింగేస్తుంది, పాత గిబ్సన్‌వి నికెల్ సిల్వర్. మాగ్నెట్ ఎంత మార్చినా ఇత్తడి ఇత్తడే.

ఫెండర్ తరహా పాత సింగిల్ కాయిల్‌లో ఈ పని తలపెట్టకూడదు. అందులో మాగ్నెట్‌లే స్తంభాల్లా నిలబడి ఉంటాయి, తీగను వాటి మీదే చుట్టారు. ఒక్క స్తంభాన్ని కిందికి తోసినా లోపలి చుట్టు తెగుతుంది, పికప్ చచ్చినట్టే. చౌక రకం సింగిల్ కాయిల్స్‌లో స్టీల్ స్తంభాలుండి కింద సెరామిక్ పట్టీలు జిగురుతో అంటించి ఉంటాయి, వాటిని మార్చుకోవచ్చు. గిబ్సన్ పీ-90 అనే సింగిల్ కాయిల్ పికప్‌లో స్క్రూల వరుసకు రెండు పక్కలా రెండు పట్టీలుంటాయి, రెండూ ఒకే ధ్రువాన్ని స్క్రూల వైపు చూపించాలి. ఒకటి తిరగబడితే శబ్దం పీలగా అయిపోతుంది.

హంబకర్ విషయానికొస్తే పని అరగంటది, కానీ ఆ అరగంటలో తొందరపడితే పికప్ పోతుంది. తీగలు వదులు చేసి, చుట్టూ ఉన్న ఫ్రేము స్క్రూలు విప్పి పికప్‌ను బయటికి తీసి మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టాలి. ముందుగా మల్టీమీటరుతో నిరోధం కొలిచి రాసుకోవాలి, ఎందుకో తర్వాత తెలుస్తుంది. అడుగు రేకుకు నాలుగు చిన్న ఇత్తడి స్క్రూలుంటాయి. వాటిని పూర్తిగా తీయక్కర్లేదు, రెండు మూడు చుట్లు వదులు చేస్తే కాయిళ్లు రేకు నుంచి కొంచెం ఎడమవుతాయి. కాయిళ్ల చుట్టూ ఉన్న నల్ల టేపును ఒక కొస వైపు, మాగ్నెట్ చివర కనిపించేంత మేర మాత్రం లేపాలి. బ్లేడుతో కోస్తే పని సులువనిపిస్తుంది, ఆ బ్లేడు కిందే వెంట్రుకంత తీగ ఉందన్నది గుర్తుండాలి. మైనం పోసిన పికప్ అయితే మాగ్నెట్ కదలదు, అలాంటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వెచ్చబెడితే మైనం మెత్తబడుతుంది. అంతకన్నా ఎక్కువ వేడి పెడితే బాబిన్ ప్లాస్టిక్ వంకర పోతుంది.

మాగ్నెట్‌ను తోయడానికి స్క్రూడ్రైవర్ వాడకూడదు, అది ఇనుము కాబట్టి అతుక్కుంటుంది, అతుక్కుని జారితే కాయిల్‌లో దిగుతుంది. పుల్ల ఐస్ పుల్ల దీనికి బంగారంలా పనిచేస్తుంది. సగం బయటికి వచ్చాక ఆగి, స్క్రూల వైపున్న అంచు మీద మార్కరుతో గీత గీయాలి. ఇప్పుడు దిక్సూచి దగ్గర పెట్టి ఆ అంచు ముల్లులో ఏ కొసను లాగుతోందో చూసి, కొత్త ముక్కలో అదే కొసను లాగే అంచును స్క్రూల వైపు పెట్టి తోయాలి. దిక్సూచి లేకపోతే పాత ముక్క మీద కొత్త ముక్క పెట్టి చూసినా తెలుస్తుంది. వాటంతట అవి అతుక్కుని కూర్చున్నాయంటే ఒకదాని ఉత్తరం మీద ఇంకోదాని దక్షిణం ఉందని లెక్క. కాకపోతే బలమైన సెరామిక్‌ను ఆల్నికోకు తాకించడం మంచి అలవాటు కాదు.

ఇక్కడే చాలామంది చిక్కుకునే ఇబ్బంది ఇంకొకటుంది. సెరామిక్ ముక్క తరచుగా ఆల్నికో కంటే మందంగా ఉంటుంది. దాన్ని తీసి సన్నటి ఆల్నికో పెడితే సందు మిగులుతుంది, మాగ్నెట్ స్లగ్గులకూ స్క్రూలకూ ఆనదు, ఆనకపోతే అయస్కాంత ప్రవాహం సరిగ్గా అందదు. అప్పుడు శబ్దం పీలగా వచ్చి, ఆల్నికో అంటే ఇంతేనా అనిపిస్తుంది. తప్పు ఆల్నికోది కాదు, ఆ సందుది. కింద పలచటి స్పేసర్ ఏదైనా పెట్టి మాగ్నెట్‌ను పైకి ఆనించి, పక్కల నుంచి అది పోల్ పీసులను తాకేలా చూసి, నాలుగు స్క్రూలు సమానంగా బిగించాలి. తర్వాత మళ్లీ మల్టీమీటరు. మాగ్నెట్ మారినా నిరోధం మారదు, ముందు రాసుకున్న అంకే కనిపించాలి. మీటరు అసలేమీ చూపకపోతే ఎక్కడో తీగ తెగింది, గిటారులో బిగించక ముందే తెలిసింది కాబట్టి ఒక శ్రమ తప్పింది.

ధ్రువాలు తిరగబడితే ఏమవుతుంది? ఒక్క పికప్ వాయించినంతసేపు ఏమీ కాదు, తేడాయే తెలియదు. స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే మాత్రం ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి కోసేసి, ముక్కుతో పాడినట్టు సన్నగా వస్తుంది. చాలామందికి ఇది పొరపాటు, ఒక్కరికి మాత్రం సంతకం అయింది. ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్ వ్యవస్థాపకుడు పీటర్ గ్రీన్ వాడిన 1959 లెస్ పాల్‌లో నెక్ పికప్ మాగ్నెట్ తిరగబడి ఉందని దాన్ని విప్పి చూసినవాళ్లు చెప్పారు. ఆ గిటారు తర్వాత గ్యారీ మూర్ చేతికి, ఇప్పుడు మెటాలికా గిటారిస్టు కిర్క్ హామెట్ చేతికి వచ్చింది, దాని మధ్య స్విచ్ శబ్దం కోసం ఇప్పటికీ జనం తమ గిటార్లు విప్పి మాగ్నెట్ తిప్పుకుంటున్నారు. పైసా ఖర్చు లేని మార్పు ఇది, నచ్చకపోతే మళ్లీ తిప్పేయొచ్చు.

మాగ్నెట్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, స్క్రూడ్రైవర్ తీసుకుని పికప్‌ను కిందికి దించడం. కొత్తగా కొన్న గిటార్లలో పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉండటం మామూలే, గట్టిగా మోగితే షాపులో కొనేవాళ్లకు బాగుందనిపిస్తుంది కదా. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ కిందికీ పోల్ పీసు పైకీ మధ్య కొలిస్తే గిబ్సన్ చెప్పే లెక్క నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ దగ్గర 1.6. అక్కడి నుంచి ఇంకో మిల్లీమీటరు దించి, యాంప్ వాల్యూమ్ ఆ మేరకు పెంచి వాయించి చూడండి. తీగ మీద లాగుడు తగ్గుతుంది, యాంప్ ముందు భాగం మీద భారం తగ్గుతుంది, పిక్ నెమ్మదిగా తగిలితే నెమ్మదిగా, గట్టిగా తగిలితే గట్టిగా పలకడం మొదలవుతుంది. సెరామిక్ తీసి ఆల్నికో 2 పెట్టాక జనం సంబరంగా చెప్పే మార్పుల్లో చాలా భాగం ఇదే, బలం తగ్గడం వల్ల వచ్చిందే. ఉప్పు ఎక్కువైన చారులో నీళ్లు కలిపి, ఇది వేరే చారు అనుకున్నట్టు. దించినా ఆ గరుకు పోకపోతే, అప్పుడు మిగిలినది మాగ్నెట్ తాలూకు తేడా. అప్పుడు కొనుక్కోవడంలో అర్థం ఉంటుంది.

మార్చాక పోల్చుకోవడం కూడా అనుకున్నంత సులువు కాదు. ఈ పని కోసం తీగలు విప్పుతారు, ఎలాగూ విప్పాం కదా అని కొత్త సెట్ వేస్తారు. పికప్‌ను తిరిగి బిగించేటప్పుడు ఎత్తు ఎంత ఉండేదో గుర్తుండదు. ఇంత కష్టపడ్డాక మార్పు వినపడకుండా ఉండాలని ఎవరి మనసూ కోరుకోదు. పైగా రెండు శబ్దాల్లో ఒకటి కాస్త గట్టిగా ఉంటే అదే మంచిదనిపించడం చెవికి సహజం. నిజంగా తెలుసుకోవాలంటే పాత మాగ్నెట్‌తో ఉన్నప్పుడే కొలతలు రాసుకుని, యాంప్ లేకుండా నేరుగా కంప్యూటర్‌లోకి ఒకే ముక్కను నాలుగైదుసార్లు రికార్డు చేయాలి, మార్చాక అవే తీగలతో అదే ఎత్తులో మళ్లీ రికార్డు చేసి, రెండింటి వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకెవరితోనైనా ప్లే చేయించుకుని వినాలి. ఇలా విన్నప్పుడు సెరామిక్‌కీ ఆల్నికో 2కీ తేడా పట్టుకోవచ్చు. 2కీ 3కీ మధ్య మాత్రం పందెం కట్టకపోవడమే మేలు.

పాత శబ్దం అనేదాంట్లో మాగ్నెట్ కాకుండా ఇంకా చాలా కలిసి ఉన్నాయి. అప్పటి తీగల చుట్టు స్వచ్ఛమైన నికెల్, ఇప్పుడు ఎక్కువమంది వేసేది నికెల్ పూత పూసిన స్టీల్, అది కొంచెం పదునుగా ఉంటుంది. అప్పటి వైరింగ్‌లో టోన్ కంట్రోల్‌ను వాల్యూమ్ నాబ్ అవుట్‌పుట్ వైపు కలిపేవారు, దానివల్ల వాల్యూమ్ తగ్గించినా పైస్థాయి అంతగా పోదు. ఒక వైరు విప్పి ఇంకోచోట అతికిస్తే అయిపోయే పని, ఖర్చు చారెడు సోల్డర్ కూడా కాదు. అప్పటి పికప్‌లలో మైనం పోయలేదు, కవర్ మీద వేలితో కొడితే టక్కుమని యాంప్‌లో వినిపించేంత చురుగ్గా ఉండేవి, వాల్యూమ్ పెంచితే కీచుమనేవి కూడా. ఆ కీచు వద్దు, ఆ చురుకు మాత్రం కావాలంటే కుదరదు, రెండూ ఒకే గుణం.

ఇక ‘ఏజ్డ్’ మాగ్నెట్ల కథ. అరవై ఏళ్లలో పాత మాగ్నెట్ బలం నెమ్మదిగా కారిపోయిందని, ఆ బలహీనతే ఆ తీయదనమని ఒక నమ్మకం ఉంది, అందుకే కావాలని కొంత బలం తగ్గించి అమ్ముతారు కూడా. ఆల్నికో తన మానాన తను ఉంటే కాలం వల్ల పోగొట్టుకునేది చాలా తక్కువ. సోల్డరింగ్ వేడికీ అది చలించదు, దాని అయస్కాంతత్వం పూర్తిగా పోవాలంటే 800 డిగ్రీల పైమాట. దానికి అసలు శత్రువు ఇంకో మాగ్నెట్. సెరామిక్‌తో పోలిస్తే ఆల్నికో చాలా తేలిగ్గా లొంగిపోతుంది, ఒకే ధ్రువం ఎదురెదురుగా పడేలా బలమైన ముక్క దగ్గర ఉంచితే కొంత బలం అక్కడికక్కడే పోతుంది. ఏజ్డ్ అని ఎక్కువ ధర పెట్టి అమ్మే పని వెనకున్నది ఇంతే. కాబట్టి పికప్‌లోంచి తీసిన పాత సెరామిక్ ముక్కను పారేయకుండా, స్క్రూల వైపు గీత చెరిగిపోకుండా టేపు అంటించి, ఏ పికప్‌దో దాని మీద రాసి దాచుకోండి. కాకపోతే మిగిలిన ఆల్నికో ముక్కలున్న డబ్బాలో కాదు, వేరే సొరుగులో.